విద్యార్థుల రాజకీయ పత్రికకు స్వతంత్రం ఎవరి నుంచి?

విద్యార్థులే రాసి, విద్యార్థులే దిద్ది, విద్యార్థులే ప్రచురించే పత్రికకు ఒక రాజకీయ దృక్పథం కూడా ఉన్నప్పుడు దానిమీద రెండు ఆక్షేపణలు తప్పవు. చదువుకునే వయసులో రాజకీయాలెందుకన్నది మొదటిది. ఒక పక్షాన నిలిచిన పత్రిక తనను తాను స్వతంత్ర పత్రికగా ఎట్లా చెప్పుకుంటుందన్నది రెండవది. మొదటి ఆక్షేపణకు తెలుగునాట నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది, అందులో ఒక ముఖ్య ఘట్టం మదనపల్లెలోనే నడిచింది. రెండవది అంతకంటె గట్టి ప్రశ్న, కాని అడిగేవారు సాధారణంగా సగమే అడుగుతారు. వ్యాకరణ పరిభాషలో చెప్పాలంటే స్వతంత్రమన్న మాటకు పంచమీ విభక్తి కావాలి: దేని నుంచి, ఎవరి నుంచి అన్నది తేలకుండా ఆ మాటకు అర్థం నిండదు. కళాశాల యాజమాన్యం నుంచా, రాజకీయ పార్టీ నుంచా, డబ్బు పెట్టేవారి నుంచా, లేక వార్తను పాఠకుడి చేతి ఫోను దాకా మోసుకుపోయే కంపెనీల నుంచా? ఈ నాలుగింటి నుంచీ ఒకేసారి విడివడిన విద్యార్థి పత్రిక ఎక్కడైనా అరుదే. ఒకరి చేతికింది నుంచి బయటపడడానికి ఇంకొకరి నీడకు చేరడం ఈ పత్రికల చరిత్రలో పదే పదే కనిపించే తీరు. ఇంటర్నెట్ వచ్చి అచ్చు ఖర్చును దాదాపు తుడిచిపెట్టిన తర్వాత కూడా ఆ తీరు పోలేదు, నీడ ఇచ్చే చెట్టు మాత్రమే మారింది.

తెలుగులో రాజకీయ పత్రికా రచనకూ విద్యార్థుల బహిష్కరణకూ ముడి వందేమాతరం ఉద్యమ కాలంలోనే పడింది. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్ర పాల్ రాజమహేంద్రవరంలో చేసిన ఉపన్యాసాల వేడిలో అక్కడి విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకొని తరగతులకు రాగా, ప్రిన్సిపల్ మార్క్ హంటర్ వారిమీద చర్య తీసుకున్నాడు. శిక్షణ కళాశాలలో చదువుతున్న గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఆ వేటు పడినవారిలో ముఖ్యులు. సర్కారు కొలువుకు దారి మూసుకుపోయిన ఆ యువకుడు మరుసటి ఏడు విజయవాడ నుంచి ‘స్వరాజ్య’ వారపత్రికను నడిపారు, తిరునెల్వేలి కాల్పుల మీద రాసిన వ్యాసం రాజద్రోహమని తేలి మూడేళ్ల శిక్షతో వేలూరు జైలుకు వెళ్లారు. ‘స్వరాజ్య’ను విద్యార్థి పత్రిక అనడం కుదరదు, అది కళాశాల గేటు బయటికి నెట్టివేయబడిన ఒక విద్యార్థి నడిపిన పత్రిక, కళాశాల నుంచి స్వతంత్రం ఆయన కోరి తెచ్చుకున్నది కాదు, శిక్షగా దక్కినది. ఈ తేడా చిన్నదిగా కనిపించవచ్చు గాని, విద్యార్థిగా ఉంటూనే రాజకీయం రాయడమన్నది ఆనాటికి ఊహకు అందని సంగతి అని అది చెబుతుంది.

మదనపల్లె కథలో శిక్ష విద్యార్థిని దాటి విద్యాసంస్థ మీదే పడింది. అనీబిసెంట్ 1915లో అక్కడ దివ్యజ్ఞాన కళాశాలను, అంటే ఇప్పుడు ఊరివాళ్లు బి.టి. కాలేజీ అనే దానిని, నెలకొల్పేనాటికే మద్రాసులో ఆమె చేతిలో రెండు పత్రికలున్నాయి: 1914 జనవరిలో మొదలైన ‘కామన్‌వీల్’ వారపత్రిక, అదే ఏడాది కొని పేరు మార్చిన ‘న్యూ ఇండియా’ దినపత్రిక. 1910 నాటి ప్రెస్ చట్టం ప్రకారం పత్రికలవారు ప్రభుత్వం అడిగినప్పుడు ధరావతు, అనగా మంచి నడవడికి పూచీగా కొంత సొమ్ము, కట్టవలసి ఉండేది. ప్రభుత్వానికి గిట్టని రాత అచ్చయితే ఆ సొమ్ము జప్తయ్యేది. 1916లో ‘న్యూ ఇండియా’ కట్టిన 2,000 రూపాయలు ఇట్లాగే పోగా, మళ్లీ 10,000 రూపాయలు కట్టవలసి వచ్చింది. ఆ పత్రికలో సాహిత్య విభాగం చూస్తున్న ఐరిష్ కవి జేమ్స్ కజిన్స్, 1916 నాటి డబ్లిన్ ఈస్టర్ తిరుగుబాటును మెచ్చుకుంటూ రాసి ఉద్యోగం పోగొట్టుకున్నప్పుడు, బిసెంట్ ఆయనను మదనపల్లె కళాశాలకు పంపింది. పత్రికలో నిలవలేని కలానికి కళాశాల చోటిచ్చిందన్నమాట. రెండింటి మధ్య గోడ ఎంత పలచనో దీన్నిబట్టి తెలుస్తుంది.

1917లో మద్రాసు ప్రభుత్వం విద్యార్థులు రాజకీయ సభలకు పోరాదని ఉత్తర్వు చేసింది, ఆ జూన్‌లో బిసెంటును ఆమె సహచరులైన అరండేల్, వాడియాలతో కలిపి నిర్బంధించింది. ఆమె నడిపిన హోంరూల్ ఉద్యమంలో అధ్యాపకులు, విద్యార్థులు పాల్గొన్నందుకు మదనపల్లె కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయపు గుర్తింపు పోగొట్టుకొని, బిసెంటు ఆధ్వర్యంలో అడయారులో ఏర్పడిన జాతీయ విశ్వవిద్యాలయం కిందికి చేరింది. దానికి కులపతి రవీంద్రనాథ్ ఠాగూరు. 1919 ఫిబ్రవరి చివర ఠాగూరు మదనపల్లెకు వచ్చి జనగణమనను ఇంగ్లీషులోకి అనువదించిన సంగతి ఈ ప్రాంతంలో బడిపిల్లలకు కూడా తెలుసు, ఆయన అడుగుపెట్టేనాటికి అది సర్కారు గుర్తింపు లేని కళాశాల అన్న సంగతి మాత్రం పెద్దలకు కూడా అంతగా గుర్తులేదు. అయితే ఈ ఘట్టాన్ని విద్యార్థి స్వాతంత్ర్యానికి విజయగాథగా చదవడం తొందరపాటే అవుతుంది. ఇక్కడ యాజమాన్యమే పార్టీ, పార్టీయే పత్రిక. విద్యార్థి ప్రభుత్వాన్ని విమర్శించినప్పుడు వెన్నుకాసే యాజమాన్యం ఉంది, కాని సహాయనిరాకరణ వచ్చి బిసెంటు గాంధీతో విభేదించిన రోజుల్లో ఆమె కళాశాలలో కూర్చొని ఆమెను విమర్శించే పత్రిక విద్యార్థుల చేతుల్లో లేదు. ప్రభుత్వం నుంచి స్వతంత్రం దొరికింది, పోషకుల నుంచి స్వతంత్రమన్న ప్రశ్న పుట్టనేలేదు.

ఆ తర్వాతి అర్ధశతాబ్దం ముఖపత్రాల కాలం. ముఖపత్రమంటే ఒక సంస్థ తన అధికారిక అభిప్రాయంగా వెలువరించే పత్రిక. అందులో సంపాదకుడు సంస్థకు జవాబుదారీ, పాఠకుడికి కాదు. 1936లో లక్నోలో ఏర్పడిన అఖిల భారత విద్యార్థి సమాఖ్య మొదలుకొని, 1970లో పుట్టిన ఎస్.ఎఫ్.ఐ. వరకు, అటువైపున ఏ.బి.వి.పి. కూడా, విద్యార్థి సంఘమన్నది పత్రిక లేకుండా ఉండరాదన్న విషయంలో ఏకాభిప్రాయంతోనే నడిచాయి: ‘స్టూడెంట్ స్ట్రగుల్’, ‘రాష్ట్రీయ ఛాత్రశక్తి’ అట్లా వచ్చినవే. తెలుగులో వీటన్నిటికంటె చర్చకు ఎక్కువగా వచ్చింది 1974లో ఏర్పడిన రాడికల్ విద్యార్థి సంఘం వెలువరించిన ‘రాడికల్ మార్చ్’. 1992లో ఆ సంఘాన్నే ప్రభుత్వం నిషేధించాక దాని ప్రతి దగ్గర ఉంచుకోవడమే అనుమానానికి కారణమయ్యే స్థితి వచ్చింది. ముఖపత్రాన్ని తేలికగా కొట్టిపారేయడం నేటి ఫ్యాషన్, కాని దానికి రెండు గుణాలుండేవి, అవి తర్వాత వచ్చినవాటికి దక్కలేదు. ఒకటి, అది ఎవరి పత్రికో మొదటి పేజీలోనే తెలిసేది. రెండు, సంపాదకుడి చదువు ముగిసినా, అతడు జైలుకు పోయినా, మరుసటి సంచికను తెచ్చే నిర్మాణం వెనుక ఉండేది. దాని లోపమూ అందరికీ తెలిసిందే: హాస్టల్లో పురుగుల అన్నం గురించిన వార్త చివరి పేజీకి జరిగి, మొదటి పేజీని అంతర్జాతీయ పరిస్థితి ఆక్రమించేది.

ముఖపత్రం బలహీనపడడానికి ఇంటర్నెట్ కంటె ముందే పునాది పడింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1980ల చివరలో కళాశాలల్లో విద్యార్థి సంఘాల ఎన్నికలు ఆగిపోయాయి. 2006లో విద్యార్థి ఎన్నికల మీద లింగ్డో కమిటీ చేసిన సిఫార్సులను సుప్రీంకోర్టు అమల్లోకి తెచ్చినా ఈ ప్రాంతపు డిగ్రీ కళాశాలల్లో బ్యాలట్ పెట్టె తిరిగి రాలేదు. ఎన్నికలున్నచోట పత్రికకు ఒక సహజమైన పని ఉంటుంది, గెలిచినవారిని నిలదీయడం; ఎన్నికలు లేనిచోట నిలదీయడానికి యాజమాన్యమూ ప్రభుత్వమూ తప్ప మరొకరుండరు, కాబట్టి విద్యార్థి రాత యావత్తూ అర్జీగానో ఆగ్రహంగానో మారుతుంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం వంటి, ఎన్నికలు కొనసాగిన చోట్ల పరిస్థితి వేరుగా ఉండడానికి ఇదొక కారణం. 1993లో అక్కడ ఏర్పడిన అంబేడ్కర్ విద్యార్థి సంఘం కరపత్రాలతోనే దేశమంతటా వినిపించే భాషను తయారుచేసుకుంది, 2016 జనవరిలో హాస్టళ్ల నుంచి వెలివేయబడిన అయిదుగురు దళిత విద్యార్థులు వేసుకున్న గుడారానికి పెట్టిన ‘వెలివాడ’ అన్న పేరు ఏ సంపాదకీయమూ చేయలేని పని చేసింది. వారిలో ఒకరైన రోహిత్ వేముల మరణం తర్వాత ఆ పేరు ఒక అంబేడ్కరైట్ వెబ్ పత్రికకు శీర్షికగా కూడా స్థిరపడింది.

యాజమాన్యం నుంచీ పార్టీ నుంచీ విడిగా నిలబడే విద్యార్థి పత్రికకు నమూనాలు బయట లేకపోలేదు. ఆక్స్‌ఫర్డ్‌లో ‘చెర్వెల్’ 1920 నుంచి నడుస్తున్నది. ‘స్టాన్‌ఫర్డ్ డైలీ’ 1973లో విశ్వవిద్యాలయం నుంచి విడివడి సొంత సంస్థగా ఏర్పడింది, సరిగ్గా అర్ధశతాబ్దం తర్వాత 2023లో ఆ విశ్వవిద్యాలయ అధ్యక్షుడి పాత పరిశోధన పత్రాల్లోని లోపాలను మొదటి ఏడాది విద్యార్థి ఒకరు అందులో వరుసగా బయటపెట్టడంతో ఆయన పదవి నుంచి తప్పుకున్నారు. దృక్పథాన్ని దాచుకోని పత్రికకు మాత్రం 1980లో పుట్టిన ‘డార్ట్‌మత్ రివ్యూ’ తగిన ఉదాహరణ: కళాశాల డబ్బు ముట్టకుండా, తాము సంప్రదాయవాదులమని చాటుకొని, పూర్వ విద్యార్థులకు పత్రికను పోస్టులో పంపి వారి చందాలతో నడిచింది. 1987లో పీటర్ థీల్ తదితరులు మొదలుపెట్టిన ‘స్టాన్‌ఫర్డ్ రివ్యూ’ అదే బాట పట్టింది. ఇవి యాజమాన్యాన్ని ఎదిరించగలిగాయి, కాని చందాలిచ్చే పెద్దలకు రుచించని మాట రాయవలసి వచ్చినప్పుడు ఏమవుతుందన్నది వేరే సంగతి. భారతదేశంలో 2007లో మొదలైన ‘డీయూ బీట్’, ఖరగ్‌పూర్ ఐఐటీలోని ‘స్కాలర్స్ అవెన్యూ’ ఈ కోవకు దగ్గరివే, అయితే రెండూ ఇంగ్లీషువి, రెండూ విద్యార్థులు రాత్రింబగళ్లు ఒకేచోట తిరిగే పెద్ద ప్రాంగణాల్లో పెరిగినవి.

పలమనేరు, పుంగనూరు ప్రాంతంలో కళాశాల అంటే ప్రాంగణ జీవితం కాదు, బస్సు వేళ. పల్లెల నుంచి ఆర్టీసీ పాసుతో ఉదయం వచ్చి, చివరి తరగతి కాగానే బస్టాండుకు పరుగెత్తే విద్యార్థికి సంపాదకవర్గ సమావేశానికి సమయం చిక్కేది బస్సులోనే. వాట్సాప్ గ్రూపు ఇక్కడ సౌకర్యం మాత్రమే కాదు, అదే పత్రికా కార్యాలయం. దీనికి భాష తోడవుతుంది. కుప్పం మూడు రాష్ట్రాల కూడలి, 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని అక్కడ నెలకొల్పడానికి అదే ఆధారం. తమిళం, కన్నడం, ఉర్దూ ఇంట్లో వినిపించే విద్యార్థి తెలుగులో చదివి, ఇంగ్లీషులో పరీక్ష రాసి, బెంగళూరులో ఉద్యోగం వెదుక్కుంటాడు. అతడి పత్రిక ఏ భాషలో ఉండాలన్నది సాంకేతిక ప్రశ్న కాదు, అది ఎవరిని ఉద్దేశించి మాట్లాడుతున్నదన్న రాజకీయ ప్రశ్నే. రాజకీయ వాతావరణం సంగతి వేరే చెప్పనక్కరలేదు: 1989 నుంచి ఒకే నాయకుణ్ణి గెలిపిస్తున్న కుప్పం, 2023 ఆగస్టులో రాళ్లు, లాఠీలతో రాష్ట్రమంతటా వార్తల్లోకెక్కిన పుంగనూరు ఒకే ప్రాంతంలో ఉన్నచోట, ఏ పార్టీకీ చెందని రాజకీయ రాతను కూడా పాఠకుడు ముందు ఏ పార్టీదో తేల్చుకున్నాకే చదువుతాడు.

ఇక్కడ విద్యార్థి పత్రికకు అసలు పోటీ ఇతర విద్యార్థులతో కాదు. 1989లో ‘ఈనాడు’ జిల్లా అనుబంధాలు మొదలుపెట్టినప్పటి నుంచి మండలానికొక విలేకరి ఉండడం తెలుగు పత్రికలకు రివాజయింది. స్ట్రింగర్ అని పిలిచే ఈ విలేకరికి జీతముండదు, అచ్చయిన వార్త కొలతను బట్టి కొద్దిపాటి సొమ్ము వస్తుంది, పైగా ప్రకటనలు తెచ్చే బాధ్యత చాలాచోట్ల అతడిదే. ఇప్పుడు దానిమీద యూట్యూబ్ ఛానెళ్లు, పొట్టి వార్తల యాప్‌లు, పీడీఎఫ్ పేపర్లు వచ్చి చేరాయి. పీడీఎఫ్ పేపరంటే అచ్చుకు పోకుండా, దినపత్రిక ఆకారంలో పేజీ కట్టి వాట్సాప్‌లో వదిలే పత్రిక. దాని వెనుక ఒక చిన్న సాంకేతిక విశేషముంది, అది విద్యార్థి పత్రికల భవితవ్యాన్ని చట్టాలకంటె ఎక్కువగా నిర్ణయిస్తున్నది. ఊళ్లలోని డీటీపీ సెంటర్లు చాలావరకు అను ఫాంట్లలో టైపు చేస్తాయి. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరం కంప్యూటరు లోపల ఇంగ్లీషు అక్షరాల సంకేతాలతోనే ఉంటుంది కనుక, ఆ పాఠాన్ని నేరుగా వెబ్‌లో పెడితే గజిబిజి గుర్తులు కనిపిస్తాయి. ప్రపంచంలోని లిపులన్నిటికీ ఒకే సంకేత పద్ధతి అయిన యూనికోడ్‌లోకి మార్చడానికి ఓపిక లేనివారు పేజీని బొమ్మగా మార్చి పంపుతారు. బొమ్మలోని వార్తను సెర్చ్ ఇంజన్ సాధారణంగా చదవదు, మరుసటి ఏడు ఎవరూ వెదికి పట్టుకోలేరు. అంతకంటె ముఖ్యంగా, తప్పు దొర్లితే సవరణ దాని వెంట పోదు, తప్పున్న బొమ్మ ఒక గ్రూపు నుంచి ఇంకో గ్రూపుకు తిరుగుతూనే ఉంటుంది.

దృక్పథమన్నది వార్తను ఎట్లా మారుస్తుందో ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉదాహరణతో చూడవచ్చు. పేద విద్యార్థి ఫీజును ప్రభుత్వమే కట్టే ఈ పథకంలో డబ్బు 2021 నుంచి కొన్నేళ్లు తల్లుల బ్యాంకు ఖాతాల్లో పడింది, 2024లో ప్రభుత్వం మారాక కళాశాలల ఖాతాలకు మళ్లింది. ఏ పద్ధతిలోనైనా విడుదల ఆలస్యమైతే హాల్ టికెట్ దగ్గరో సర్టిఫికెట్ దగ్గరో విద్యార్థి చిక్కుకుంటాడు. పార్టీ అనుబంధ పత్రికలో ఇది అవతలి ప్రభుత్వం పెట్టిన బకాయిల వార్త, ఎంత బకాయి అన్న అంకె దాని ప్రాణం. స్ట్రింగర్ చేతిలో ఇది నాయకుడు కలెక్టరేట్ దగ్గర ఇచ్చిన వినతిపత్రం ఫొటో, ఫొటోలో ఎవరు ముందు నిలబడ్డారన్నది దాని ప్రాణం. విద్యార్థులే రాసినప్పుడు మాత్రం మరో ప్రశ్న ముందుకు వస్తుంది: ప్రభుత్వం ఇవ్వని డబ్బుకు సర్టిఫికెట్‌ను పట్టి ఉంచే అధికారం యాజమాన్యానికి ఎక్కడిది? ఈ ప్రశ్న అడగడానికి తటస్థత పనికిరాదు, ఒక పక్షం కావాలి. అది పార్టీ పక్షం కాదు, కౌంటరు బయట క్యూలో నిలబడిన మనిషి పక్షం. దృక్పథం ఉండడం వల్ల పత్రిక స్వతంత్రం కోల్పోతుందన్న వాదన తేలిపోయేది ఇక్కడే. అదే దృక్పథం అంకెను సరిచూసుకోకుండా ఉండడానికి సాకయినప్పుడు మాత్రం ఆ పత్రికకూ కరపత్రానికీ తేడా మిగలదు, విద్యార్థి పత్రికల్లో చాలావాటికి ఆ జబ్బు ఉంది.

చట్టం వీరిని వింతైన చోట నిలబెట్టింది. 1867 నాటి పాత చట్టం స్థానంలో 2024 మార్చి 1న అమల్లోకి వచ్చిన పత్రికల నమోదు చట్టం అచ్చు పత్రికలకే పరిమితం. వెబ్ పత్రికలకు 2021 ఐటీ నియమాలు వర్తిస్తాయి. వాటి ప్రకారం వార్తలు ప్రచురించే సంస్థ ఫిర్యాదుల అధికారిని నియమించుకోవాలి, వచ్చిన ఫిర్యాదును 15 రోజుల్లో పరిష్కరించాలి, పైన స్వీయ నియంత్రణ సంఘం, దానిపైన కేంద్ర ప్రభుత్వ పర్యవేక్షణ ఉంటాయి. ఈ నియమాల్లోని కీలక భాగాన్ని 2021 ఆగస్టులో బొంబాయి హైకోర్టు నిలిపివేసింది. ముగ్గురు డిగ్రీ విద్యార్థులు నడిపే పత్రికకూ, వందలమంది పనిచేసే సంస్థకూ ఒకే కొలత పెట్టిన ఈ నియమాలు రాసినవారి ఊహలో విద్యార్థి పత్రిక అసలు లేదని చెప్పవచ్చు. ఆచరణలో భయం ఢిల్లీ నుంచి కాక దగ్గరి నుంచే వస్తుంది. 2007లో 938 నంబరు జీవో, 2019 అక్టోబరులో 2430 నంబరు జీవో ప్రతికూల వార్తలపై కేసులు వేసే దారిని అధికారులకు చూపాయి. సోషల్ మీడియా పోస్టుల మీద అరెస్టులు ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారినా ఆగలేదు, మారింది అరెస్టయ్యేవారి పక్షమే. 2015లో సుప్రీంకోర్టు ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్‌ను కొట్టివేసినందువల్ల దొరికిన ఊరట కోర్టు దాకా వెళ్లగలిగినవారికి. డిగ్రీ విద్యార్థికి స్టేషన్ నుంచి వచ్చే ఒక్క ఫోను చాలు, పాస్‌పోర్టు వెరిఫికేషన్, ఉద్యోగపు విచారణ, ఇంట్లో నాన్న కోపం వరుసగా కళ్లముందు తిరుగుతాయి.

అమెరికా చేరితే ఈ భయం తీరుతుందనుకున్న తెలుగు విద్యార్థులకు 2025 మార్చి వేరే పాఠం చెప్పింది. టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో చదువుతున్న టర్కీ విద్యార్థిని రుమేసా ఓజ్‌టుర్క్ ఏడాది క్రితం ‘టఫ్ట్స్ డైలీ’లో మరి ముగ్గురితో కలిసి రాసిన అభిప్రాయ వ్యాసం నేపథ్యంలో ఆమె వీసా రద్దయి, ఆరు వారాలు నిర్బంధంలో గడిపింది. అప్పటి నుంచి అక్కడి విద్యార్థి పత్రికలకు పాత వ్యాసాల మీద నుంచి పేర్లు తీసేయమన్న అభ్యర్థనలు రావడం మొదలైంది. ఎఫ్-1 వీసా మీద ఉన్నవారికి కళాశాల, పార్టీ, చందాదారు, వార్తను మోసే కంపెనీ కాకుండా అయిదవ యజమాని ఉన్నాడన్నమాట.

వీటన్నిటికంటె విద్యార్థి పత్రికను ఎక్కువగా చంపేది కాలం. సంపాదకుడి ఆయుష్షు మూడేళ్లు, అందులో మొదటి ఏడు నేర్చుకోవడానికి, చివరి ఏడు ఉద్యోగాల వేటకు పోతుంది. పార్టీ నిర్మాణాన్ని వద్దనుకున్న పత్రిక వారసత్వాన్ని కూడా వద్దనుకున్నట్టే అవుతుంది, ‘చెర్వెల్’ వంటివి నిలిచింది పదవులు ఎప్పటికప్పుడు చేతులు మారే నియమం ఉండడం వల్లే. తెలుగు వెబ్ పత్రికల్లో 1998 నుంచి ‘ఈమాట’ నిలవడానికి కారణం కూడా అటువంటి ఓపికే, కాని దాన్ని నడిపేవారు స్థిరపడిన ఉద్యోగులు, పరీక్షల టైంటేబులు లేనివారు. విద్యార్థి పత్రికకు సొంత డొమైన్ పేరు కొన్నవారు ఏటా దాన్ని రెన్యువల్ చేయించాలి, ఆ కొద్దిపాటి సొమ్ము కట్టడం మరిచిన ఏడు పాత సంచికలన్నీ ఒక్క రాత్రిలో కనిపించకుండా పోతాయి. ఉచిత పేజీని ఎంచుకున్నవారికి ఆ ఖర్చు లేదు, తాళంచెవి మాత్రం ఒక్కరి ఫోను నంబరుకు కట్టుబడి ఉంటుంది. పలమనేరులో చదువు ముగించిన పాత అడ్మిన్ బెంగళూరులో ఉద్యోగంలో చేరి సిమ్ మార్చుకుంటాడు. కొత్తవాళ్లు లోపలికి పోవడానికి ప్రయత్నించిన ప్రతిసారీ ఓటీపీ ఆ పాత నంబరుకే పోతూ ఉంటుంది.